మొదటి అచ్చు ఆనవాళ్లు



ఆదివారం పొద్దున హైదరాబాదు ఆబిడ్స్‌లో పెద్ద దుకాణాలు మూసి ఉంటాయి. మూసిన షట్టర్ల ముందు, పేవ్‌మెంటు పొడుగునా పాత పుస్తకాలు పరుచుకుని కూర్చుంటారు అమ్మేవాళ్లు. ఇంజనీరింగ్ గైడ్ల పక్కన ఇంగ్లీషు నవలలు, వాటి కింద ఎక్కడో తెలుగు పుస్తకాలు. కొన్నేళ్ల కిందట అలాంటి ఒక కుప్పలో నాకు ఒక చిన్న కవితా సంపుటి దొరికింది. ఎనభై పేజీలు కూడా ఉండదు. ఆ కవి సొంత డబ్బు పెట్టి అచ్చు వేయించుకున్న పుస్తకం. మరో నాలుగు నెలలకు అదే పుస్తకం ఇంకో ప్రతి అదే వీధిలో దొరికింది. రెండూ ఇంటికి తెచ్చి పక్కపక్కన పెట్టుకున్నాను. రెండింటి లోపలి పేజీలోనూ ఒకే మాట ఉంది: ప్రథమ ముద్రణ, 1955.

కాని రెండూ ఒకటి కావు. కాగితం వేరు, అక్షరాల మట్టం వేరు. ఒక పద్యంలో అయితే ఒక మాటే వేరు. మొదటి ప్రతిలో కవి రైతు కూర్చున్న చోటుని ‘కల్లం’ అన్నాడు. రెండో ప్రతిలో అదే చోట ‘కలం’ అని ఉంది. కల్లం అంటే పంట నూర్చే చోటు. కలం అంటే రాసే సాధనం. ఒక్క ల వత్తు రాలిపోయేసరికి పొలం పద్యం కాస్తా కవిత్వం గురించిన పద్యం అయిపోయింది. ఈ రెండింటిలో కవి రాసింది ఏది? దానికి జవాబు చెప్పాలంటే, ఈ రెండింటిలో నిజంగా మొదట అచ్చయింది ఏదో తేల్చాలి. ఇవాళ నేను మీతో చెప్పదలచుకున్నది ఆ తేల్చే పద్ధతి గురించే. పెద్ద కంపెనీల పుస్తకాల సంగతి కాదు. ఒక మనిషో, నలుగురు మిత్రులో, ఒక చిన్న గ్రంథమాలో వేసిన పుస్తకాల సంగతి.

ముందుగా మాటలు సరిచూసుకుందాం. తెలుగులో మనం ముద్రణ, ప్రచురణ, కూర్పు అనే మూడు మాటల్ని ఒకదాని బదులు ఒకటి వాడేస్తాం. నిజానికి ముద్రణ అంటే అచ్చు వేయడం. ప్రచురణ అంటే వేసినదాన్ని లోకంలోకి తేవడం. కూర్పు అంటే అక్షరాలు పేర్చి పేజీలు తయారుచేయడం, ఆ పేర్చిన పాఠం కూడా. ఇంగ్లీషు పుస్తకాల లోకంలో ఒకసారి పేర్చిన పేజీలతో ఎన్నిసార్లు అచ్చు వేసినా అవన్నీ ఒకే ఎడిషన్. అచ్చు వేసిన ఒక్కో విడతని ఇంప్రెషన్ అంటారు. పుస్తకాలు సేకరించేవాళ్లు మొదటి ఎడిషన్ అన్నప్పుడు మామూలుగా మొదటి ఎడిషన్‌లో మొదటి విడత అనే అర్థం.

మన చిన్న ప్రెస్సుల్లో కథ ఇంకోలా నడిచింది. సీసపు అక్షరాలతో అచ్చు వేసే రోజుల్లో ఒక ప్రెస్సు దగ్గర ఉండే టైపు పరిమితం. కంపోజిటరు అక్షరాల అరల ముందు నిలబడి ఒక్కో అక్షరం ఏరి, వరసలు పేర్చి, పేజీలు కట్టేవాడు. ఒక ఫారం, అంటే ఒకేసారి అచ్చు వేసే పేజీల కట్ట, అచ్చయిపోగానే ఆ పేజీలు విప్పి, ఏ అక్షరం ఆ అరలో వేసేస్తేనే తర్వాతి ఫారానికి టైపు దొరికేది. ఎనభై పేజీల పుస్తకాన్ని పేర్చినది పేర్చినట్టు అట్టే పెట్టుకునే స్తోమత చిన్న ప్రెస్సుకి ఎక్కడిది? అందుచేత ఆ రోజుల్లో చిన్న ప్రచురణకర్త రెండో ముద్రణ వేశాడంటే, చాలావరకు పుస్తకం మొత్తం మళ్లీ పేర్చినట్టే. మళ్లీ పేర్చడం అంటే కొత్త ముద్రారాక్షసాలు పుట్టడం. పాత తప్పులు కొన్ని పోతాయి, కొత్త తప్పులు కొన్ని చేరతాయి. నా కవి గారి ల వత్తు అలా రాలిపోయే వీలుంది. లేదా మొదట పొరపాటున చేరిన వత్తును తర్వాత తీసేసి ఉండవచ్చు. ఊరికే ఊహిస్తే తేలదు. సాక్ష్యం కావాలి.

సాక్ష్యం గురించి చెప్పే ముందు, ఇంత శ్రమ ఎందుకు అని మీరు అడగవచ్చు. మొదటి ముద్రణ అనగానే కొందరికి వేలం పాటలు, ధరలు గుర్తొస్తాయి. ఆ వ్యాపారం ఉంది, కాదనను. మన భాషకు మాత్రం దీని అవసరం వేరు. ‘కన్యాశుల్కం’ తీసుకోండి. 1892లో విజయనగరంలో ఆడిన ఈ నాటకం 1897లో పుస్తకంగా వచ్చింది. గురజాడ అప్పారావు గారు 1909లో దాన్ని పూర్తిగా తిరగరాసి మళ్లీ అచ్చు వేయించారు. మొదటిది 5 అంకాలు, రెండోది 7 అంకాలు. మనం చదువుకున్నది, చూసినది, మాటల్లో వాడుకునేది అంతా 1909 నాటి పాఠమే. మధురవాణి అంత ఎత్తు ఎదిగింది కూడా అందులోనే. మొదటి పాఠం ఉన్న ప్రతులు క్రమంగా కనుమరుగయ్యాయి. నెల్లూరు వాసి, పత్రికా రచయిత బండి గోపాలరెడ్డి గారు, బంగోరె అనే పేరుతో మనకి తెలిసిన మనిషి, ఆ పాఠాన్ని వెలికితీసి 1969లో ‘మొట్టమొదటి కన్యాశుల్కం’ పేరుతో తిరిగి అచ్చు వేశారు. ఆ తర్వాతే మామూలు పాఠకుడు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని, ఒక మహా రచయిత పన్నెండేళ్లలో తన రచనని తనే ఎలా మించిపోయాడో చూడగలిగాడు. మొదటి అచ్చు దాచుకోకపోతే ఆ ఎదుగుదల మనకి కనబడేదే కాదు.

కన్యాశుల్కానికి బంగోరె దొరికారు. చిన్న ప్రచురణకర్తల పుస్తకాల్లో నూటికి తొంభైకి అలాంటి మనిషి దొరకడు. ఎందుకంటే ఆ ప్రచురణకర్తలకి ఆఫీసు లేదు, రిజిస్టరు లేదు. వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం వేయడమే ఒక సాహసంగా ఉన్న కాలం అది. ఆయన పుస్తకాలు తానే మోసుకుని ఊళ్లు తిరిగి అమ్మారు. అలాంటి మనిషి ఏ పుస్తకం ఎన్ని ప్రతులు, ఎన్నో విడత వేశామని లెక్కలు రాసి అల్మారాలో భద్రపరిచే తీరిక ఎక్కడ సంపాదిస్తాడు? ఆయన పనికి లెక్క ఆ పుస్తకాలే. ఇక తెలుగు కవుల్లో ఎందరో తమ పుస్తకానికి తామే ప్రచురణకర్తలు. ప్రెస్సు బాకీ తీర్చడానికి ఇంట్లో నగ కుదువ పెట్టినవాళ్లున్నారు. ఆ మనిషి పోయాక, అటక మీద మిగిలిన ప్రతులు తూకానికి వెళ్లాక, ఆ పుస్తకం చరిత్ర అంతా మన చేతిలో ఉన్న ప్రతిలోనే మిగులుతుంది. అందుకే ఆ ప్రతిని చదవడం నేర్చుకోవాలి.

మొదట చూడవలసింది ముఖపత్రం వెనక ఉండే వివరాల పేజీ. ఈ పేజీ ఆచారంగా మాత్రమే రాలేదు, చట్టం వల్ల కూడా వచ్చింది. 1867లో బ్రిటిష్ ప్రభుత్వం ప్రెస్సుల, పుస్తకాల నమోదు చట్టం తెచ్చింది. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరు, అచ్చయిన ఊరు, ప్రచురించినవారి పేరు, ప్రచురించిన ఊరు స్పష్టంగా ఉండాలన్నది. పుస్తకాల ప్రతులు సర్కారుకి పంపాలన్నది. వచ్చిన ప్రతి పుస్తకానికీ రిజిస్టరులో రాయవలసిన వివరాల జాబితా కూడా ఆ చట్టంలోనే ఉంది. పుస్తకం పేరు, భాష, రచయిత, విషయం, అచ్చయిన ఊరు, ముద్రాపకుడు, బయటికి వచ్చిన తేదీ, పేజీలు, సైజు, ఎన్నో కూర్పు, ఎన్ని ప్రతులు, టైపు అచ్చా శిలాముద్రణా, వెల, హక్కుదారు ఎవరు, ఆయన నివాసం ఎక్కడ. మద్రాసు రాజధానిలో ఈ వివరాల్ని మూడు నెలలకోసారి ఫోర్ట్ సెయింట్ జార్జి గెజిట్‌తో పాటు అచ్చు వేసేవారు. ఎవరు ఏం అచ్చు వేస్తున్నారో కనిపెట్టి ఉండాలని తెల్లదొరలు పెట్టిన పద్దు అది. మనకి మాత్రం అది పుస్తకాల జనన మరణ రిజిస్టరులో జనన భాగంలా మిగిలింది. రాజమండ్రిలోనో బెజవాడలోనో ఓ చిన్న ప్రెస్సు వేసిన నలభై పేజీల శతకం కూడా, ప్రతుల సంఖ్యతో సహా అందులో దొరకవచ్చు.

ఒక్క మాట గుర్తుంచుకోవాలి. నిజాం రాజ్యం బ్రిటిష్ ఇండియాలో భాగం కాదు. ఆ రోజుల్లో హైదరాబాదులో, వరంగల్లులో అచ్చయిన పుస్తకాన్ని ఈ మద్రాసు పట్టికల్లో వెతికి, లేదు కాబట్టి అసలు రాలేదనుకోకూడదు. తెలంగాణ పుస్తకాల విషయంలో చేతిలో ఉన్న ప్రతి విలువ అందుకే మరింత ఎక్కువ.

వివరాల పేజీలో ప్రథమ ముద్రణ అని ఉంటే సరిపోతుందా? నా రెండు ప్రతుల కథ విన్నారుగా, సరిపోదు. దీనికి మూడు కారణాలు చెబుతాను.

ఒకటి. పాత పుస్తకాన్ని మళ్లీ వేసేటప్పుడు ప్రెస్సు చేతికి పాత ప్రతి ఇచ్చి, ఉన్నది ఉన్నట్టు పేర్చమంటారు. కంపోజిటరు వివరాల పేజీని కూడా ఉన్నది ఉన్నట్టే పేర్చేస్తాడు. అప్పుడు ఇరవై ఏళ్ల తర్వాత వచ్చిన ప్రతి కూడా తనే మొదటిదని చెబుతుంది.

రెండు. పుస్తకం ఒక ప్రచురణకర్త నుంచి ఇంకొకరి చేతికి మారుతుంది. కొత్తవారు ప్రథమ ముద్రణ అని వేస్తే అది వారి మొదటి ముద్రణ. వారు అబద్ధం చెప్పలేదు, మనం సగమే చదివాం. ఆ మాట ముందు సంస్థ పేరు ఉందేమో, కింద ముందు ముద్రణల జాబితా ఉందేమో చూడాలి.

మూడు. చాలామంది ముందుమాట కింద ఉన్న తేదీ చూసి అదే పుస్తకం తేదీ అనుకుంటారు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ దీనికి మంచి ఉదాహరణ. ఆ పుస్తకానికి చలం గారు రాసిన యోగ్యతాపత్రం 1940 నాటిది. పుస్తకం నళినీకుమార్ గారి చేతుల మీదుగా 1950లో వచ్చింది. ముందుమాటకీ అచ్చుకీ మధ్య పదేళ్లు. ఆ పదేళ్లూ ఒక తరం కుర్రవాళ్లు ఆ గీతాల్ని పత్రికల్లో చదివి, నోటుబుక్కుల్లోకి ఎత్తి రాసుకుని బతికించారు. తేదీ తప్పుగా చదివితే ఆ పదేళ్ల చరిత్ర మాయమవుతుంది. అదే పుస్తకాన్ని 1981లో గూటాల కృష్ణమూర్తి గారు లండన్ నుంచి శ్రీశ్రీ చేతిరాతలోనే అచ్చు వేసి, ఆయన గొంతు కూడా క్యాసెట్‌లో ఇచ్చారు. అది చేతిరాతలో ఉంది కాబట్టి అదే తొలి ప్రతి అనుకునేవారున్నారు. అది అపురూపమైనదే, తనదైన వరసలో మొదటిదే. కాని 1950 నాటి పుస్తకానికి అది ముప్ఫై ఏళ్ల తర్వాతి తోబుట్టువు.

మరి వివరాల పేజీ మాట నమ్మలేనప్పుడు, లేదా ఆ పేజీయే చిరిగిపోయినప్పుడు ఏం చేయాలి? పుస్తకంలో ఎవరూ దాచాలనుకోని విషయాలు చూడాలి. వాటిలో మొదటిది వెల.

1957 ఏప్రిల్ 1న మన దేశంలో దశాంశ నాణేలు వచ్చాయి. అంతకు ముందు రూపాయికి పదహారు అణాలు, అణాకి పన్నెండు పైలు. అందుకని పాత పుస్తకాల మీద వెల మూడు అంకెలతో ఉంటుంది. ఒకటి, గీత, ఎనిమిది, గీత, సున్నా అని ఉంటే ఒక రూపాయి ఎనిమిది అణాలు అన్నమాట. అలాంటి వెల అచ్చయి ఉంటే ఆ పుస్తకం దాదాపుగా 1957కి ముందుదే. వెల నయాపైసల్లో ఉంటే 1957కీ 1964కీ నడుమ అని మొదటి అంచనా వేసుకోవచ్చు. 1964లో ‘నయా’ అనే మాట తీసేశారు. ఇక్కడ ఒక జాగ్రత్త కావాలి. వెల అట్ట మీద అచ్చయిందా, రబ్బరు స్టాంపుతో వేసిందా, చీటీ అంటించిందా అని చూడాలి. అమ్ముడుపోని పాత ప్రతుల మీద కొత్త వెల కొట్టడం మామూలే. చీటీ కింద పాత వెల ఉందేమో వెలుతురుకి ఎత్తి చూడండి.

రెండోది చిరునామా. ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. అంతకు ముందు పెద్ద పట్నాల్లో పేరు పక్కన ఒకటి రెండు అంకెల పోస్టల్ జోన్ నంబరు ఉండేది, మదరాసు 17 అన్నట్టు. ఆరంకెలు కనబడితే పుస్తకం 1972 తర్వాతదే. పాత జోన్ నంబరు ఉందని మాత్రం అంతకు ముందుదని చెప్పలేం. అలవాటు కొద్దీ దాన్ని చాలా ఏళ్లు రాశారు. ఊరి కింద రాష్ట్రం పేరు ఉంటే ఇంకా మంచిది. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న, ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న, తెలంగాణ 2014 జూన్ 2న ఏర్పడ్డాయి. ఐఎస్‌బీఎన్ నంబర్లు మన దేశంలో ఇవ్వడం 1985లో మొదలైంది. అవి పదమూడు అంకెలైంది 2007 నుంచి. 1960 నాటి పుస్తకమని చెప్పుకునే దాని వెనక పదమూడు అంకెలుంటే ఇక వాదన అక్కర్లేదు.

మూడోది నాకు బాగా ఇష్టమైనది, పుస్తకం చివర ఉండే ప్రకటన. మా ఇతర ప్రచురణలు అని ఒక జాబితా ఉంటుంది. అందులో ఉన్న పుస్తకాల సంవత్సరాలు వెతికి చూడండి. 1955 పుస్తకం వెనక 1963లో వచ్చిన నవల పేరుండి, దాని పక్కన వెల కూడా ఉంటే, ఆ 1955 మాట నిలవదు. కొన్ని పేర్ల పక్కన ‘అచ్చులో’ అని ఉంటుంది. అంటే ఈ పుస్తకం బయటికి వచ్చిన రోజున ఆ పుస్తకం ఇంకా ప్రెస్సులో ఉందన్నమాట. చిన్న ప్రచురణకర్త తన పుస్తకాలకి వరస సంఖ్యలు ఇచ్చి ఉంటే, ముందు సంఖ్య పుస్తకం, తర్వాతి సంఖ్య పుస్తకం కలిసి మధ్యదాన్ని పట్టిస్తాయి.

నాలుగోది చేతికి తెలిసే సాక్ష్యం. సీసపు టైపుతో అచ్చు వేసిన కాగితాన్ని వెనక వైపు వేలితో మెల్లగా తడమండి. అక్షరం కాగితంలోకి దిగిన గరుకు తెలుస్తుంది. ఆఫ్‌సెట్ కాగితం నున్నగా ఉంటుంది. కంప్యూటర్ అక్షరాలు ఉన్న పుస్తకం తనని తాను 1950 నాటిదని చెప్పుకుంటే, లోపల పాఠం పాతది కావచ్చు, పుస్తకం మాత్రం పాతది కాదు.

ఐదోది తప్పొప్పుల పట్టిక. పాఠకులు చాలామంది దాన్ని తీసి పారేస్తారు. పుస్తకం అచ్చయిపోయాక తప్పులు చూసుకుని, బాధపడి, విడిగా వేయించి లోపల పెట్టిన చిన్న కాగితం అది. ఆ పట్టికలో చెప్పిన తప్పులు పుస్తకంలో తప్పులుగానే ఉంటే, మీ చేతిలో ఉన్నది ముందుగా పేర్చిన ప్రతి కావడానికి బలమైన ఆధారం దొరికినట్టే. అవి దిద్ది ఉంటే తర్వాతది. కొందరు కవులు పట్టిక వేయించే డబ్బు కూడా లేక, ప్రతి పుస్తకంలోనూ సిరాతో తామే దిద్దేవారు. సిరా మరక అనుకుని దాన్ని చెరపబోకండి.

ఈ కష్టం తెలుగువాళ్లకే వచ్చిందేమీ కాదు. ఇంగ్లండులో లెనార్డ్ వుల్ఫ్, వర్జీనియా వుల్ఫ్ దంపతులు 1917లో పంతొమ్మిది పౌన్ల చిల్లరకి ఒక చేతి ప్రెస్సు కొని, రిచ్మండ్‌లో తమ ఇంటి భోజనాల బల్ల మీద పెట్టుకున్నారు. ఇంటి పేరు హోగార్త్ హౌస్, అందుకే సంస్థ పేరు హోగార్త్ ప్రెస్. మొదటి పుస్తకం భార్యాభర్తల చెరో కథ, 150 ప్రతులు. 1919లో వర్జీనియా వుల్ఫ్ కథ ‘క్యూ గార్డెన్స్’ వేశారు, అదీ 150 ప్రతుల చిల్లరే. ఒక పత్రికలో మంచి సమీక్ష రావడంతో గుమ్మం నిండా ఆర్డర్లు వచ్చి పడ్డాయి. వాళ్ల చేతి ప్రెస్సు ఆ పని మోయలేక రెండో కూర్పు 500 ప్రతులు బయట ప్రెస్సులో వేయించారు. ముద్రాపకుడి పేరు చూస్తే చాలు, అక్కడ మొదటిదీ రెండోదీ విడిపోతాయి. మన పుస్తకాల్లోనూ అంతే, ప్రెస్సు పేరు ఎప్పుడూ చదవండి. టి.ఎస్. ఎలియట్ కావ్యం ‘ది వేస్ట్ ల్యాండ్’ని 1923లో సుమారు 460 ప్రతులు వర్జీనియా వుల్ఫే అక్షరం అక్షరం పేర్చి అచ్చు వేశారు. అయినా అది ఆ కావ్యానికి ఇంగ్లండులో మాత్రమే మొదటి ముద్రణ. పుస్తకంగా మొదట వచ్చింది 1922 డిసెంబరులో న్యూయార్కులో. ఎక్కడ మొదటిది అన్న ప్రశ్న కూడా వేయాలని ఆ పుస్తకం నేర్పుతుంది. వాళ్ల చిన్న ప్రెస్సులకి కూడా లోపాలున్నాయి, తప్పులున్నాయి. తేడా ఒక్కటే. వాళ్ల పాఠకులు, గ్రంథాలయాలు ఒక్కో ప్రతినీ కొలిచి, వర్ణించి, జాబితాలు కట్టారు. మనం ఇంకా ఆ పని చాలినంత చేయలేదు.

ఇప్పుడు నా రెండు ప్రతుల దగ్గరకి వద్దాం. రెండూ ప్రథమ ముద్రణ, 1955 అని చెబుతున్నాయన్నాను. మొదటి ప్రతి వెనక అట్ట మీద వెల రూ. 1-8-0. రెండో ప్రతి వెల మూడు రూపాయలు, చుక్క పెట్టి రెండు సున్నాలు. అక్కడికి రెండోది 1957 తర్వాతదని తేలింది. ప్రతులకు అని ఇచ్చిన చిరునామాలో హైదరాబాదు పక్కన ఆరంకెలున్నాయి. అంటే 1972 తర్వాతది. మొదటిదానికీ దీనికీ కనీసం పదిహేడేళ్లు. వివరాల పేజీలో ప్రెస్సు పేర్లు కూడా వేరు. సంవత్సరం మార్చడం మరిచిపోయారు గాని, కొత్త ప్రెస్సువారు తమ పేరు వేసుకోవడం మరవలేదు. ఇక ఆ మాట. మొదటి ప్రతి చివర తప్పొప్పుల పట్టిక అతికించి ఉంది. అందులో పదకొండు తప్పులు దిద్దారు. కల్లం ఉన్న పేజీలోనే రెండు దిద్దుబాట్లున్నాయి. కల్లం జోలికి మాత్రం పోలేదు. ఆ పేజీని కవి కళ్లు పెట్టుకుని చదివాడు, తప్పులు ఏరాడు, కల్లాన్ని కల్లంగానే ఉంచాడు. ఆయన రాసింది నూర్పిడి కల్లమే.

ఆ పద్యాన్ని తర్వాత ఒకటి రెండు చోట్ల ఉదహరించగా చూశాను. రెండు చోట్లా కలం అనే ఉంది. రాసినవారి తప్పు కాదు, వారికి దొరికిన ప్రతి అది.

శ్రోతలారా, 1867 నాటి ఆ చట్టం ఇప్పుడు లేదు. 2023లో వచ్చిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చి దాన్ని రద్దు చేసింది. కొత్త చట్టం పత్రికల గురించే, పుస్తకాల నమోదు అందులో లేదు. ప్రచురణకర్త తన సొంత ఖర్చుతో కొత్త పుస్తకాన్ని కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకి పంపాలన్న 1954 నాటి చట్టం ఉంది. చిన్న ప్రచురణకర్తలకు నా మొదటి విన్నపం అదే. ఆ నాలుగు ప్రతులూ పంపండి. పుస్తకంలో నెల, సంవత్సరం, ఎన్నో ముద్రణ, ఎన్ని ప్రతులు, ఏ ప్రెస్సు, ఇవన్నీ వేయండి. మళ్లీ వేసినప్పుడు పాత తేదీ తీసేయకుండా దాని కింద కొత్త తేదీ చేర్చండి. ఒక వరస ఎక్కువైతే కాగితం ఖర్చు పెరగదు.

గ్రంథాలయాల వారికి ఒక విన్నపం. బైండింగుకి ఇచ్చేటప్పుడు అట్టలు తీసి పారేయకండి. మా ఊళ్లో ఒక గ్రంథాలయంలో బీరువాకి బీరువా పుస్తకాలు చక్కగా కాలికో బట్టతో బైండు చేయించి, ముందు అట్టలూ వెనక అట్టలూ చెత్తలో వేయడం చిన్నప్పుడు చూశాను. వెల, ముఖచిత్రం, ఇతర ప్రచురణల జాబితా, చిరునామా, అన్నీ ఆ అట్టలతోనే పోయాయి. పుస్తకాలు మిగిలాయి, వాటి వయసు పోయింది. స్కాన్ చేసేవారికీ ఇదే మాట. వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలు వందేళ్లకు పైగా కాగితాన్ని కాపాడి మన చేతికిచ్చాయి. ఆ కాగితాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు అట్ట నుంచి అట్ట దాకా, ఖాళీ పేజీ కూడా వదలకుండా ఎక్కించండి.

ఇక మీకు, మామూలు పాఠకులకి. మీ ఇంట్లో తాతగారి పెట్టెలోనో, అమ్మమ్మ అల్మారాలోనో చిన్న ప్రచురణకర్త వేసిన పుస్తకం ఒకటైనా ఉంటుంది. ఈ వారం దాన్ని తీయండి. ఒక తెల్ల కాగితం మీద ఆ పాత చట్టం అడిగిన ప్రశ్నలే రాయండి. పేరు, రచయిత, ప్రచురణకర్త, ప్రెస్సు, ఊరు, తేదీ, ఎన్నో ముద్రణ, ప్రతులు, పేజీలు, సైజు, వెల. దొరికినవి రాయండి, దొరకనివి ఖాళీగా ఉంచండి. ముఖపత్రం, వివరాల పేజీ, రెండు అట్టలు ఫోటో తీయండి. కాగితం మడిచి పుస్తకంలోనే పెట్టండి. అతికించకండి, జిగురు కాగితాన్ని తినేస్తుంది. సర్కారు మానేసిన పద్దు మనమే రాద్దాం.

నేనూ ఆ పని చేశాను. నా మొదటి ప్రతిలో అలాంటి కాగితం ఒకటి ఉంది. చివర ఒక వాక్యం అదనంగా రాశాను: ఇరవై మూడో పేజీలో మాట కల్లం, కలం కాదు. రేపు ఎవరైనా ఆ కవిని మళ్లీ అచ్చు వేస్తే, ఆ రైతు తన కల్లం దగ్గరే కూర్చుని ఉంటాడు.